పసుపు దారం చీటీ

నా దగ్గర ఒక చీటీ ఉంది. రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడవు. దాన్ని దాచి నలభై ఏళ్లు దాటింది. ఆదోని మిల్లుల్లో పత్తి బేళ్లు మోసే హమాలీలకైనా సాయంత్రానికి వీపు ఖాళీ అవుతుంది. ఈ కాగితం ముక్కను మాత్రం నేను ఎక్కడా దించలేకపోయాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే జరిగేవి రెండే. కొందరు వెంటనే క్షమించేస్తారు. కొందరు అసలు నమ్మరు. రెండూ నాకు వద్దు. ముందే చెబుతున్నాను, నేను ఏడుస్తూ రాయడం లేదు. నన్ను చూసి జాలిపడాలనుకుంటే ఈ కాగితాలు ఇక్కడే మడిచి పెట్టేయండి.

మొదటి నుంచీ చెబుతాను. మా అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. పత్తి ఏరడం, శనక్కాయలు పీకడం. నన్ను ఆదోనిలో ఆడపిల్లల హాస్టల్లో వేసి ఎనిమిదో తరగతి దాకా చదివించారు. అక్కడ రోజూ సాయంత్రం వేదపుస్తకం, అదే బైబిలు, చదివించేవారు. నాకు పదేళ్లున్నప్పుడు ఒక ప్రశ్న అడిగాను. ప్రభువు సమాధి దగ్గర ఒక దూత ఉన్నాడని ఒక సువార్తలో ఉంది, ఇద్దరని ఇంకో దాంట్లో ఉంది, ఏది నిజం అని. వార్డెనమ్మ జవాబు చెప్పలేదు. భోజనం గంట కొట్టేదాకా మోకాళ్ల మీద నిలబెట్టింది. మోకాళ్లు మర్నాటికి బాగైపోయాయి. ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

తర్వాత పెళ్లయి ఎమ్మిగనూరు వచ్చాను. మా ఆయన ఉపదేశి. అంటే పాస్టరు కాదు. పాస్టరుగారు రాలేని పల్లెలకు సైకిలు మీద వెళ్లి ప్రార్థన నడిపి, పాటలు నేర్పి, పెళ్లికీ చావుకూ ముందు నిలబడే మనిషి. ఆయన గొంతు బాగుండేది. ఆయన పాట ఎత్తుకుంటే పనిలోంచి వచ్చి కునికేవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. కానీ ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే నోట్లో నాలుక లేనట్టు అయిపోయేవాడు. ఆ రోజుల్లో ప్రశ్నలు వేసేవాళ్లు ఎక్కువయ్యారు. కర్నూలు రాజధానిగా ఉన్న ఏళ్లవి. పల్లెల్లో బడులు వచ్చాయి, ఆదోని నుంచి పేపర్లు వచ్చాయి, చదువుకున్న కుర్రవాళ్లు దేవుడున్నాడా అని చావడిలోనే అడుగుతున్నారు.

అందుకని పాస్టరుగారు ఆయన పేరు మీద పోస్టులో పాఠాలు తెప్పించారు. విశ్వాసాన్ని ఎలా నిలుపుకోవాలి, అడిగినవాళ్లకు ఎలా జవాబు చెప్పాలి అని ఇరవై నాలుగు పాఠాలు. ఒక్కో పాఠం చదివి, చివర ఉన్న ప్రశ్నలకు జవాబులు రాసి పంపితే, దిద్ది తిప్పి పంపేవారు. ఆయన మొదటి పాఠం రెండు పుటలు చదివి నా ముందు పెట్టాడు. "సూడు, నీకు అచ్చరాలు బాగొస్తాయి కదా" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి అవి నా పాఠాలు. జవాబు పత్రం పైన మాత్రం ఆయన పేరే రాసేదాన్ని.

మధ్యాహ్నం ఆయన పల్లెలకు వెళ్లాక, చేటలో కొర్రలు పోసుకుని వాకిట్లో నీడన కూర్చునేదాన్ని. ఒళ్లో పాఠం, చేతిలో చేట. ఒక వాక్యం చదవడం, నాలుగు రాళ్లు ఏరడం, చదివింది నిజమా కాదా అని నాతో నేనే వాదించుకోవడం. పాఠంలో రాసిందల్లా నమ్మేదాన్ని కాదు. కరువెందుకు వస్తుందన్న పాఠానికి ఇచ్చిన జవాబు నాకు అప్పుడూ సరిపోలేదు, ఇప్పుడూ సరిపోలేదు. మొహమాటం లేకుండా ఆ మాటే రాసి పంపాను. అడిగినందుకు ఎవరూ మోకాళ్ల మీద నిలబెట్టలేదు. పైగా మంచి ప్రశ్న అని ఎర్ర సిరాతో రాసి పంపారు. ఆ రోజు నేను పొయ్యి ముందు కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

తొమ్మిదో పాఠంలో నా పాత ప్రశ్న ఎదురైంది. నలుగురు నాలుగు రకాలుగా చెబితే నమ్మడం ఎలా? దానికి నేను రాసిన జవాబు పాఠంలోంచి తీసుకున్నది కాదు. మా వీధిలోంచి తీసుకున్నది. ముందటి వానాకాలంలో మగ్గాల వీధిలో ఒక ఇంటి గోడ కూలింది. నీళ్లకు వచ్చిన నలుగురు ఆడవాళ్లు నాకు ఆ సంగతి చెప్పారు. ఒకామె రెండు మేకలు చచ్చాయంది. ఒకామె ఒక మేక అంది. ఒకామెకు మేకల ఊసే లేదు, మగ్గం గుంతలో నీళ్లు నిండిన సంగతే చెప్పింది. నాలుగో ఆమె మనుషులు ఏడ్చిన ఏడుపే చెప్పింది. అయితే గోడ కూలలేదా? కూలింది. నలుగురూ ఒకే మాట, ఒకే వరసలో ఒప్పజెప్పి ఉంటే అప్పుడు నేను అనుమానించేదాన్ని. ఎవరో కూర్చోబెట్టి నేర్పారని అనుకునేదాన్ని. ఇది రాసి, కింద ఒక గీత గీశాను. ఆ గీత గీసినప్పుడు నాకు కలిగిన ఆనందం, ఏ పండగకూ ఏ కొత్త చీరకూ కలగలేదు. పదేళ్ల పిల్ల మోకాళ్ల మీద నుంచి లేచి నిలబడినట్టుంది.

ఇరవై నాలుగు పాఠాలూ అయ్యాయి. సర్టిఫికెట్ వచ్చింది. దాని మీద ఆయన పేరు. ఆదోని తీసుకెళ్లి అద్దం కట్టించి, తెచ్చి గోడకు తగిలించాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం లోకంలో ఉన్నదే. ఈయన చెట్టు పేరు కూడా చెప్పకుండానే అమ్ముకున్నాడు. నేనేమీ అనలేదు. అనకపోవడం మంచితనం అనుకున్నాను. కాదు, లోపల కూడబెట్టుకుంటున్నానని తర్వాత తెలిసింది.

చదివింది నేనైనా మాట్లాడాల్సింది ఆయన కదా. ఆయనకు వాదనలు గుర్తుండవు. అందుకని ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులు పన్నెండు చీటీల మీద రాశాను. ఒక్కో చీటీకి ఒక్కో రంగు దారం కుట్టి ఆయన వేదపుస్తకంలో పెట్టాను. మా ఊళ్లో దారానికేం కొదవ, మగ్గాల దగ్గర పారేసిన పోగులు ఎన్నైనా దొరికేవి. దేవుడున్నాడా అంటే ఎర్ర దారం. కరువెందుకంటే నల్ల దారం. నలుగురు సాక్షుల సంగతికి పసుపు దారం. ఎవరైనా ప్రశ్న వేస్తే ఆయన తొందరపడకుండా పుస్తకం తీసి, దారం పట్టుకుని పుట తిప్పి, చూసి చెప్పేవాడు. చూసేవాళ్లకు వేదంలోంచే చదువుతున్నట్టుండేది. ఈ ఏర్పాటు మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.

పెద్దకడుబూరు బడిలో పాఠాలు చెప్పే ఐవారు ఒకాయన ఉండేవాడు. మంచి మనిషి. ఎగతాళి చేసే రకం కాదు. మా ఆయనతో చావడిలో నలుగురి ముందు మాట్లాడాలని ఉందనీ, నాలుగు సువార్తల సంగతి అడుగుతాననీ ముందే కబురు పంపాడు. సోమవారం పెట్టుకున్నారు. సోమవారం ఆ ఊళ్లో ఎడ్లకు కాడి కట్టరు, అందరూ తీరికగా ఉంటారు. పాస్టరుగారు తానూ వస్తానన్నారు. ఆ రోజు బాగా మాట్లాడితే ఆయన్ను పాస్టరు చదువుకు పంపాలని పెద్దల ఆలోచన. ఆయన వారం రోజులు సంతోషంతో సరిగ్గా తినలేదు. నన్నూ బండిలో తీసుకెళ్లాడు.

మధ్యాహ్నం మా సంఘంవాళ్ల ఇంట్లో భోజనాలు. జొన్న రొట్టెలు, ఊరిబిండి, మజ్జిగ. నేను వడ్డిస్తున్నాను. పాస్టరుగారు మామూలుగానే అడిగారు, ఇంట్లో ఇంత చదువు ఎలా సాగించావయ్యా అని. ఆయన రొట్టె తుంచుతూ నా వైపు చూసి నవ్వాడు.

"నేను సదువుకుంటాంటే మా యింటిది పక్కన కూసోని కొర్రల్లో రాళ్లేరుకుంటాంటాది. దానికి తెల్సింది అదే గదా."

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. వాళ్ల ఇళ్లల్లో వాళ్లూ అనుకునే మాటే. నేను కూడా నవ్వాను. నవ్వి, మజ్జిగ తెస్తానని లోపలి గదిలోకి వెళ్లాను. మంచం మీద ఆయన వేదపుస్తకం ఉంది. పసుపు దారం బయటకు వేలాడుతోంది.

కోపంలో ఒళ్లు తెలియక చేశానని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. కానీ అది అబద్ధం. నాకు ఒళ్లు బాగా తెలుసు. ఏ చీటీ తీస్తే ఏం జరుగుతుందో తెలుసు. ఎవరు ఎదురుగా ఉంటారో, ఏది పోతుందో అన్నీ తెలుసు. పుస్తకం తెరిచి, చీటీని కుట్టు దగ్గర పళ్లతో కొరికాను. గట్టి కుట్టు, రెండుసార్లు కొరకాల్సి వచ్చింది. దారాన్ని పుటలోనే ఉంచేశాను. చీటీని రొంటిన దోపుకున్నాను. మజ్జిగ కుండ తీసుకుని బయటకు వచ్చి అందరికీ పోశాను. ఆయనకు రెండోసారి కూడా పోశాను.

చావడిలో ఐవారు అడిగిన ప్రశ్న నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఏమప్పా ఉపదేశీ, ఒక మనిషి కతను నలుగురు నాలుగు రకాలుగా రాసినారు. ఇట్లాంటి సాక్ష్యం ఆదోని కోర్టులో నిలబడతాదా?" ఆయన చిరునవ్వుతో పుస్తకం తీశాడు. పసుపు దారం పట్టుకుని పుట తిప్పాడు. దారం చేతిలోకి వచ్చింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పుస్తకం దులిపాడు. ఎర్ర దారం చీటీ, నల్ల దారం చీటీ వేలాడాయి. జనంలో మొదట ఒకరిద్దరు నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆయన నుదుటి మీద చెమట కారి పుట మీద పడింది. ఒకసారి తల ఎత్తి, గోడ పక్కన ఆడవాళ్లలో నా కోసం వెతికాడు. నన్ను చూశాడు. జవాబు నా నాలుక చివర ఉంది. రాసింది నేనే కదా! గోడ కూలిందని, మేకలు రెండో ఒకటో అని, ఒక్క మాట అందిస్తే ఆయన అందుకునేవాడు. నేను కొంగు సర్దుకున్నాను.

ఆడది చావడిలో నోరు విప్పకూడదని మెదలకుండా ఉన్నానా? అలా చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అదీ కాదు. ఆయన పడిపోవడం నాకు చూడాలనిపించింది. చూశాను.

ఐవారే చివరకు, పర్వాలేదప్పా, ఇంకోసారి మాట్లాడుకుందామని ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత పాస్టరు చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు.

మూడో రోజు ఆయన వాకిట్లోకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నేను కొర్రలు చెరుగుతున్నాను.

"ఏమ్మీ, ఆ పసుపు దారం చీటీ యాడైనా సూసినావా?"

"లేదు."

"బండిలోన పడిందేమో?"

"బండిలోనా లేదు. నేను సూస్తిని."

"నువ్వు కుట్టింది గట్టి కుట్టే గదా. మిగతా పదకొండూ ఉండాయి. అదొకటే యాడికి పాయ?"

నేను చేట ఆపలేదు. "నాకేం తెల్సు? నేను రాళ్లేరుకునేదాన్ని" అన్నాను.

ఆయన ముఖం చూడాల్సింది. కొట్టినా అంత చిన్నబోయేది కాదు. నేల వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"అయితే ఇది మనిషి పని గాదమ్మీ. నీ కష్టాన్ని నాదని సెప్పుకుంటిని. పైనున్నాయన సూస్తాండాడు. ఆయనే తీసేసినాడు ఆ చీటీని."

అప్పుడు చెప్పాల్సింది. చీటీ అప్పుడు నా పెట్టెలో, పెళ్లి చీర మడతల్లో ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు. నేను వేయలేదు. ఆయన తప్పు ఆయనకు తెలిసొచ్చింది, ఇప్పుడు నా తప్పు చెబితే లెక్క మళ్లీ ఆయన వైపు మొగ్గుతుంది అనిపించింది. నిజంగా అదే అనిపించింది.

ఆ ఆదివారం ఆరాధనలో ఆయన సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డాడు. మా సంఘాల్లో అది వాడుకే, దేవుడు తన జీవితంలో చేసింది లేచి నలుగురికీ చెప్పడం. గోడ మీది సర్టిఫికెట్ చేతుల్లో పట్టుకుని నిలబడి, ఈ పాఠాలన్నీ నా భార్య చదివింది, నా భార్య రాసింది, నేను దొంగను, అందుకే దేవుడు పెద్దకడుబూరులో నా నోరు మూశాడు అని ఏడుస్తూ చెప్పాడు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. నెల తిరక్కుండానే పాస్టరుగారు ఆడవాళ్లకు వేదపాఠం చెప్పే పని నాకు అప్పగించారు. నేను పుట్టినప్పటి నుంచీ కోరుకున్నది అదే. వద్దనలేదు. ఇరవై ఎనిమిదేళ్లు చెప్పాను. బాగా చెప్పాను. ఎవరైనా ఆడపిల్ల ప్రశ్న అడిగితే కూర్చోబెట్టి జవాబు చెప్పాను, తెలియకపోతే తెలియదన్నాను. దానికి నేను సిగ్గుపడను. ఎవరూ నన్ను సిగ్గుపడమని అడగనక్కరలేదు.

ఆయన మాత్రం ఆ సాక్ష్యాన్ని ఊరూరా చెప్పాడు. గోనెగండ్లలో చెప్పాడు, ఆదోనిలో చెప్పాడు, మళ్లీ పెద్దకడుబూరు చావడిలోనే నిలబడి చెప్పాడు. వాదనలు మానేశాడు. దేవుడు నా నోరు మూశాడు అని మొదలుపెడితే జనం ఊపిరి బిగబట్టి వినేవారు. గోనెగండ్లలో ఒక రైతు అది విని, తమ్ముడి చేని గట్టు జరిపానని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఎంతోమంది ఒప్పుకున్నారు. ఆ సాక్ష్యం విని ఏ తప్పూ ఒప్పుకోని మనిషి ఈ తాలూకా మొత్తంలో నేనొక్కదాన్నేనేమో.

ఆ రోజు గురించి పాస్టరుగారేమో ఉపదేశి సిద్ధపడి రాలేదన్నారు. ఊరివాళ్లు, దారం తెగింది అన్నారు. ఐవారు, ఆ ప్రశ్నకు జవాబే లేదు అనుకున్నాడు. మా ఆయన, దేవుడు చేశాడు అన్నాడు. నలుగురూ నిజాయితీపరులే. ఆయన నోరు పెగల్లేదన్నది నలుగురూ చూశారు, అది నిజం. ఎందుకు పెగల్లేదో చూసింది నేనొక్కదాన్నే. తొమ్మిదో పాఠం అంత బాగా రాసినదాన్ని, సాక్షి అంటే చూసింది చెప్పేవాడని తెలిసినదాన్ని, నలభై ఏళ్లు చూసింది చెప్పలేదు.

ఆయన పోయి ఆరేళ్లయింది. చివరి రోజుల్లో మంచం మీద కూడా అదే తలుచుకునేవాడు. దేవుడు తనను కొట్టి బాగుచేశాడని, ఎంత ప్రేమ అని. చెబుదామని రెండుసార్లు మంచం దగ్గరకు వెళ్లాను. ప్రశాంతంగా పోయే మనిషిని కలత పెట్టడమెందుకని తిరిగొచ్చాను. జాలి అనుకోకండి. ఆయన నన్ను చూసే చూపు మారిపోతుందని భయం. శవపెట్టె మీద మట్టి వేసే ముందు చీటీని ఆయన పక్కన పెట్టాలనుకుని తీసుకెళ్లాను. పెట్టలేదు. సాక్ష్యాన్ని పాతిపెట్టడం కూడా అబద్ధమే అనిపించి వెనక్కి తెచ్చుకున్నాను.

నన్ను శిక్షించమని ఎవరినీ అడగడం లేదు, వదిలేయమనీ అడగడం లేదు. ఆయన అన్న మాట నన్ను బాధించింది, బాధించినందుకు దెబ్బ కొట్టాను. ఆ మాట తప్పే, ఇప్పటికీ తప్పే అంటాను. నా దెబ్బ అంతకన్నా పెద్ద తప్పు. ఒకటి చెప్పి రెండోది దాచను. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ రెండూ కావు. ఒక మనిషిని ఊరి ముందు నిలబెట్టి, చెమటలు పట్టించి, నోరు నొక్కి అవమానించే దేవుణ్ణి ఆయన ముప్పై ఏళ్లకు పైగా ప్రేమించాడు. వినేవాళ్లందరికీ ఆ దేవుణ్ణే చూపించాడు. నేను కొర్రలేరుతూ ఒళ్లో పెట్టుకుని చదివిన దేవుడు అలాంటివాడు కాడు. దేవుడు ఆ మధ్యాహ్నం పెద్దకడుబూరులో ఎవరి నోరూ మూయలేదు. ఎవరి చీటీ తీయలేదు. ఆ పని చేసింది నేను, నా పళ్లతో, మజ్జిగ తేవడానికని వెళ్లి.

ఎవరైనా దేవుడి మీద నింద వేస్తే ఎలా జవాబు చెప్పాలో ఇరవై నాలుగు పాఠాలు చదివాను. చెప్పాల్సిన ఒక్క జవాబు ఇదీ. చీటీని ఈ కాగితాలకే కుట్టి పెడుతున్నాను, పసుపు దారం పోగు కొస ఇంకా దానికి అంటుకునే ఉంది. నా పేరు రాసేంత ధైర్యం ఇంకా రాలేదు. కానీ ఈసారి జవాబు పత్రం పైన ఆయన పేరు మాత్రం రాయలేదు.